విగ్రహం నుదుటి బొట్టు

అల్లూరి సీతారామరాజు బొమ్మ తెలియని తెలుగువాడు ఉండడు. కాషాయ బట్టలు, గడ్డం, మెడలో రుద్రాక్షలు, చేతిలో విల్లు. 2022 జూలై 4న భీమవరంలో ప్రధానమంత్రి ఆవిష్కరించిన 30 అడుగుల కంచు విగ్రహమూ అదే రూపం. అంతకు సరిగ్గా మూడు నెలల ముందు, ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టారు. అదే రోజు మా ఎలమంచిలి విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు మారినా కూడళ్ళలో ఉన్న విగ్రహాలు మారలేదు. జయంతికి, వర్ధంతికి ఎవరో ఒకరు వచ్చి కడుగుతారు, నుదుట బొట్టు పెడతారు, కొబ్బరికాయ కొడతారు, హారతి ఇస్తారు, దండ వేస్తారు, ఫోటో దిగుతారు.

ఆ బొట్టు దగ్గర మన పిల్లల్లో కొందరు ఆగిపోతున్నారు. ఏజెన్సీ నుంచి మైదానానికి చదువుకోవడానికి వచ్చిన కుర్రవాడు ఒకడు నన్ను అడిగాడు: "మాష్టారూ, నేను దేవుణ్ణి నమ్మను కదా. హారతి ఇస్తున్న చోట నిలబడితే నా మాటకి విలువుంటదా?" వాడి పక్కనున్న పిల్లది క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చింది. ఆమె ఇబ్బంది వేరు. హారతి దగ్గర నిలబడితే ఇంట్లో ఒప్పుకోరు, నిలబడకపోతే స్నేహితులు ఏమనుకుంటారో అని. ఇద్దరూ ఆ రోజు వెనక్కి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళిపోయిన తరువాత విగ్రహం దగ్గర మాట్లాడినవాళ్ళు అందరూ మైదానం వాళ్ళే. మన్యం పేరు ఎత్తినవాడు లేడు. నన్ను కలవరపెట్టింది ఈ రెండో సంగతి.

నేనూ నమ్మను. నాస్తికత్వం మన ప్రాంతానికి ఎక్కడినుంచో ఊడిపడ్డది కాదు. గోరాగారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, తరువాత అది విజయవాడకు మారింది. విశాఖపట్నంలో జయగోపాల్ గారు 1972లో భారత నాస్తిక సమాజం స్థాపించారు. వీళ్ళ పుస్తకాలు చదివి పెరిగినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. అయితే దేవుడు లేడని తేల్చుకోవడం ఒక పని, చచ్చిపోయినవాణ్ణి తలచుకునే చోట ఎలా నడుచుకోవాలో తేల్చుకోవడం ఇంకొక పని. మొదటిది తేలితే రెండోది దానంతటదే తేలిపోతుందని మన కుర్రాళ్ళు అనుకుంటున్నారు. తేలదు.

ముందు కాషాయం సంగతి చూద్దాం. అల్లూరికి కాషాయం ఈ మధ్య ఎవరో తొడిగారని మన అభ్యుదయ మిత్రులు కొందరు అంటారు. అది చరిత్రకు నిలబడదు. ఆయన మన్యానికి వచ్చిందే సన్యాసిగా. తపస్సు చేసుకునేవాడిగా, మందులు, ముహూర్తాలు తెలిసినవాడిగా గూడేల్లో తిరిగాడు. జనం ఆయనకు మహిమలు ఉన్నాయని నమ్మారు. ఆ నమ్మకం పితూరికి బలం ఇచ్చింది. నేను ఆ మహిమల్ని నమ్మను. నమ్మనంత మాత్రాన ఆ మనిషి మీదనుంచి ఆ బట్టలు ఊడదీసి, నాకు నచ్చిన చొక్కా తొడిగే హక్కు నాకు రాదు. నమ్మనివాడికి మొట్టమొదట ఉండవలసింది జరిగినదాని మీద గౌరవం.

విల్లు మాత్రం వేరే కథ. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేశారు. ఎందుకు? తుపాకుల కోసం. 26 తుపాకులు, రెండువేల అయిదువందలకు పైగా తూటాలు పట్టుకుపోయారు. ఏమేం తీసుకుపోతున్నారో స్టేషన్ రికార్డులో రాసి రాజు సంతకం పెట్టాడని చరిత్రలో ఉంది. విల్లంబులు మన ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నవే, పితూరిలోనూ ఉన్నాయి. కానీ విగ్రహంలో తుపాకీ ఎక్కడా కనపడదు. విల్లే ఉంటుంది, ఆ విల్లు చూసినవాడికి గుర్తొచ్చేది కొండదొర ఇంటి గోడకు తగిలించిన విల్లు కాదు, రాముడి విల్లు. పేరు కూడా కలిసొచ్చింది. కాబట్టి శిల్పిని విమర్శించదలచుకుంటే బొట్టు మీద కాక ఈ విల్లు మీద విమర్శించాలి. ఆయుధం మారిస్తే అర్థం మారింది. స్టేషన్ మీద పడి తుపాకులు ఎత్తుకుపోయి సంతకం పెట్టినవాడు ప్రభుత్వానికి సవాలు. విల్లు పట్టుకుని ఆకాశం వైపు చూసేవాడు కేలండరు బొమ్మ.

ఇంతకంటే పెద్ద లోపం విగ్రహం చుట్టూ ఉన్న ఖాళీ. పితూరి ఒక సన్యాసి కోపం వల్ల పుట్టలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును నేరం చేసింది. చిదుగులు ఏరుకున్నా, పశువుల్ని మేపినా పన్నో జరిమానాయో. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పనికి మనవాళ్ళను తోలి, కూలి సరిగా ఇవ్వకుండా కొట్టించాడు. ముఠాదారుల అధికారాలు ఒక్కొక్కటే తీసేశారు. రాజు రాకముందే పితూరీలు ఉన్నాయి. 1879 రంప పితూరి ఎంత పెద్దదో తెలిసిందే. గాం గంటందొర, గాం మల్లుదొర, గోకిరి ఎర్రేసు, కంకిపాటి ఎండు పడాలు లాంటివాళ్ళు రాజుకు దారి చూపించినవాళ్ళు, తిండి పెట్టినవాళ్ళు, యుద్ధం చేసినవాళ్ళు. మల్లుదొర పట్టుబడి, శిక్ష అనుభవించి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఒక తిరుగుబాటు యోధుడు పార్లమెంటు మెట్లు ఎక్కాడు, ఆయన ఆదివాసి. ఈ మాట మీ బళ్ళో ఎంతమంది పిల్లలకు తెలుసో ఒకసారి అడిగి చూడండి.

విగ్రహం నుదుట బొట్టు ఉందా లేదా అని మనం దెబ్బలాడుకుంటూ ఉంటే, పక్కన లేని మనుషుల్ని అడిగేవాడు ఉండడు. నాస్తికుడు అడగవలసిన ప్రశ్న ఇదే. ఎందుకంటే భక్తుడు సాధారణంగా ఒక్కడినే చూస్తాడు, ఆ ఒక్కడు అవతారం అయిపోతాడు. చరిత్రలో గుంపును చూడగలిగినవాడు నమ్మనివాడే అయి ఉండాలి.

సినిమా సంగతి కూడా ఒకటి చెప్పి ముందుకు పోతాను. 2022లో వచ్చిన 'ఆర్ ఆర్ ఆర్' కల్పిత కథ, తీసినవాళ్ళే ఆ మాట చెప్పుకున్నారు. విడుదలకు ముందు కొమురం భీముడి పాత్ర తలమీద టోపీ పెట్టుకున్నందుకు గొడవ జరిగింది. విడుదలయ్యాక రామరాజు పాత్ర చివర్లో కాషాయం కట్టి విల్లు పట్టినందుకు ఇంకొక గొడవ. రెండు గొడవల్లోనూ బట్టల గురించే మాట. ఆఖరి సన్నివేశంలో గోండు వీరుడు మైదానపు వీరుణ్ణి తనకు చదువు చెప్పమని అడుగుతాడు. ఆ చోట నా ఒళ్ళు మండింది. చంద్రపూర్‌లో విఠోబా అనే అచ్చాపీసు ఆయన దగ్గర భీము చదవడం నేర్చుకున్నాడని ఆయన జీవితకథలు చెబుతాయి. జల్, జంగల్, జమీన్ అని హక్కుల్ని మూడు మాటల్లో కుదించి చెప్పినవాడు అక్షరం కోసం ఎవరి ముందూ చేయి చాచనక్కర లేదు. టోపీని, కాషాయాన్ని పట్టుకున్న విమర్శకులు చాలామంది ఈ అవమానాన్ని చూడలేదు. మతచిహ్నం మీద కన్ను పడితే మిగతావి కనపడకుండా పోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. బహిరంగ స్మారకాల్లో మతం ఉండకూడదని మన కుర్రవాడు పట్టుబడితే మొదట కూలేవి ఎవరివి? మనవే. పాడేరు, అరకు వైపు ఊళ్ళల్లో నిశాని దేవత రాయి, శంకుదేముడు, జాకరమ్మ ఉన్న చోట్లు చూడండి. ఊరు ఎప్పుడు కట్టారో, ఏ వంశం ముందు వచ్చిందో ఆ రాళ్ళ దగ్గర పెద్దలు చెబుతారు. గదబలు చచ్చిపోయినవాళ్ళ కోసం రాళ్ళు నిలబెడతారు. అది దేవుడా, సమాధా, ఊరి పట్టాయా? మూడూనూ. మేడారం సంగతి చెప్పనక్కర లేదు. కాకతీయ సైన్యంతో పోరాడి చనిపోయారని కోయలు చెప్పుకునే తల్లీకూతుళ్ళకు అక్కడ విగ్రహాలు లేవు. గద్దెలున్నాయి, వెదురు ఉంది, కుంకుమ భరిణె ఉంది. రెండేళ్ళకొకసారి మాఘ పున్నమికి లక్షల మంది తమ ఎత్తు బెల్లం తూచి ఇస్తారు. సమ్మక్క దేవతా, యుద్ధంలో పోయిన మనిషా అని అక్కడ ఎవరినైనా అడిగి చూడండి, ప్రశ్న అర్థం కానట్టు చూస్తారు. పన్ను కట్టనన్నందుకు రాజుతో పోరాడిన కథ ఇన్ని వందల ఏళ్ళు పుస్తకం లేకుండా నిలిచిందంటే అది జాతరవల్లనే. దేవత అన్న కాగితంలో చుట్టి మన తాతలు చరిత్రను దాచారు. కాగితం నాకు నచ్చలేదని లోపలి సరుకును పారేస్తానా?

ఎలమంచిలి చుట్టుపక్కలే ఇంకొక పాఠం ఉంది. రాంబిల్లి దగ్గర కొత్తూరులో ధనదిబ్బలని ఉన్నాయి. అవి బౌద్ధుల కట్టడాలు. జనం ధనం ఉందనుకున్నారు కాబట్టి ఆ పేరు పడింది. అనకాపల్లి పక్కన శంకరం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. 1906లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు మొదలుపెట్టేదాకా అవేమిటో లోకానికి సరిగా తెలియదు. లింగాలకొండ మీద రాతిలో తొలిచిన స్తూపాలు లింగాల్లా కనిపించాయి కాబట్టి ఆ పేరు. బొజ్జన్నకొండ దగ్గర ఇంకా విచిత్రం. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి అక్కడి రూపం రాక్షసుడిదనుకుని రాళ్ళు రువ్వేవాళ్ళు. తరాలపాటు రువ్వారు. ఈ మధ్యకాలంలో ఇన్‌టాక్ వంటి సంస్థలవాళ్ళు వచ్చి, అది బౌద్ధులదని నచ్చచెప్పి ఆ అలవాటు మాన్పించారు. రాళ్ళు రువ్వినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పండగకు వచ్చి, పిల్లల్ని భుజాన ఎక్కించుకుని, పెద్దలు చెప్పిన పని చేశారు. ఎవరిదో తెలియని గుర్తు మీద రాయి వేయడం ఎంత సులువో చూడండి. నాస్తికుడు కూడా ఆ వరసలో నిలబడవచ్చు. రాయి వేసేవాడికి దేవుడి మీద నమ్మకం ఉండి తీరాలని ఎక్కడా లేదు.

అమెరికాలో ఈ తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది. మేరీలాండ్ రాష్ట్రంలో బ్లేడెన్స్‌బర్గ్ అనే ఊళ్ళో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 49 మంది స్థానిక సైనికుల గుర్తుగా 1925లో 40 అడుగుల సిలువ కట్టారు. అది ప్రభుత్వ స్థలంలో ఉంది. ప్రభుత్వం ఒక మతం వైపు నిలబడినట్టు ఉందని మానవవాదుల సంఘం కోర్టుకు వెళ్ళింది. 2019లో ఏడుగురు న్యాయమూర్తులు ఉండవచ్చన్నారు, ఇద్దరు కూడదన్నారు. పాతబడి, ఊరి దుఃఖంలో కలిసిపోయిన గుర్తును ఇప్పుడు పెరికేస్తే అది తటస్థంగా ఉండదని, మతం మీద పగలా కనిపిస్తుందని మెజారిటీ వాదన. క్రైస్తవుడు కాని సైనికుడికి సిలువ ఎలా గుర్తవుతుందన్నది రెండో పక్షం ప్రశ్న. నాకు రెండూ సబబుగానే తోస్తాయి. పాతదాన్ని ఉంచడానికి మొదటి మాట సరిపోతుంది. కొత్తదాన్ని కట్టేముందు రెండో మాట గుర్తుపెట్టుకోవాలి. మన ఊళ్ళల్లో ఈ తేడా ఎవరూ పాటించడం లేదు. గూడెం మధ్య నిన్నటిదాకా రాయి ఉన్న చోట ఇవాళ సిమెంటు గుడి, మైదానపు పేరున్న దేవుడు, గేటు, తాళం వస్తున్నాయి. అలాగే ప్రార్థన మందిరం వచ్చిన ఊళ్ళల్లో పాత రాయిని సైతాను రాయి అంటున్నారు. ఈ రెండింటి విషయంలోనూ నా ఓర్పు ఆగిపోతుంది. ముసలాయన బొట్టు పెట్టడం వేరు, ఊరి రాయి పేరు మార్చెయ్యడం వేరు.

మతం లేని స్మారకం కడితే గొడవే ఉండదనుకునేవాళ్ళు ఇంద్రవెల్లి చూడాలి. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో భూమి కోసం కూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం లెక్క 13 మంది, హక్కుల సంఘాల లెక్క అంతకు చాలా ఎక్కువ. అక్కడ కట్టిన ఎర్ర స్తూపం మీద ఏ దేవుడూ లేడు. అయినా 1986లో దాన్ని పేల్చేశారు. తరువాత మళ్ళీ కట్టారు. ఏళ్ళ తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే ఆంక్షలు, పోలీసులు, స్తూపం దగ్గరకు పోనివ్వకపోవడం. భయం చిహ్నం గురించి కాదన్నమాట. మనుషులు గుమిగూడి పేర్లు తలచుకుంటారని భయం. ఇక పోయినవాళ్ళ బంధువులు ఆ ఎర్ర స్తూపం దగ్గరకు వచ్చినప్పుడు తమ ఆచారం ప్రకారం పూజ చేస్తారు. స్తూపం కట్టిన సిద్ధాంతంలో పూజ లేదు. అయినా తల్లికి కొడుకును తలచుకునే పద్ధతి అదొక్కటే తెలుసు. అక్కడ నిలబడి "అమ్మా, ఇది భౌతికవాద స్తూపం" అని చెప్పగల మనిషిని నేను ఊహించలేను.

అలాగని అన్నిటికీ తల ఊపమని నా మాట కాదు. ఓర్చుకోవడం అంటే ఒప్పుకోవడం కాదు. గోరాగారి ఇంటి పెళ్ళి ఇక్కడ గుర్తొస్తుంది. ఆయన పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇవ్వాలనుకున్నప్పుడు, సేవాగ్రాంలో జరిపిస్తానని గాంధీ మాట ఇచ్చారు. ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికి ఆయన ఒప్పుకున్నారు. గాంధీ హత్య తరువాత, 1948 మార్చిలో, పెళ్ళి అక్కడే జరిగింది. గోరా గాంధీని రామనామం మానమనలేదు, గాంధీ గోరాను రామనామం అనమనలేదు. గాంధీ సమాధి రాజఘాట్ రాతి మీద 'హే రామ్' అని చెక్కి ఉంది. అక్కడ తల వంచే నాస్తికుడు ఆ రెండు మాటలకు కాదు, చనిపోయిన మనిషికి వంచుతాడు. మన రాజ్యాంగం కూడా ఇదే దారి తీసింది. ఎన్నికైనవాడు దైవసాక్షిగానైనా, మనస్సాక్షిగానైనా ప్రమాణం చేయవచ్చు. రెండు ప్రమాణాల బరువూ ఒకటే.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం జరిపేటప్పుడు దండ వేయడం, దండం పెట్టడం, హారతి తీసుకోవడం ఎవరికీ తప్పనిసరి చేయవద్దు. మౌనంగా నిలబడే పిల్లకు వరసలో చోటు ఉండాలి, ఆమె ఎందుకు హారతి తీసుకోలేదని అందరి ముందూ అడగకూడదు. శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగం 51-ఎ అధికరణం చెబుతోంది. నమ్మని పిల్లవాడికి ఆ వాక్యం చూపించండి. అదే పిల్లవాడు బొట్టు పెట్టే తాతను చూసి నవ్వితే, రాజు మహిమల్ని నమ్మిన మనుషులే తూటాలకు ఎదురు నిలబడ్డారని కూడా చెప్పండి. నమ్మకం తప్పు కావచ్చు, నిలబడటం తప్పు కాదు.

నర్సీపట్నంలో రెండు క్రైస్తవ సమాధులు ఉన్నాయి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కొండదారిలో రాజు దళం చేతిలో చనిపోయిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లవి. ముందు నడిచిన భారతీయ సిపాయిల్ని పోనిచ్చి, వెనక వచ్చిన తెల్లవాళ్ళనే కాల్చారని ఆ పోరు గురించి చెబుతారు. ఆ సమాధులు పగలగొట్టాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. పిల్లల్ని కృష్ణదేవిపేట తీసుకుపోయేటప్పుడు దారిలో అవి కూడా చూపించాలి. శత్రువు తన చావును ఎలా రాసుకున్నాడో చూస్తేనే, మనవాళ్ళ చావులు ఎంత తక్కువ చోట్ల రాసి ఉన్నాయో తెలుస్తుంది.

కృష్ణదేవిపేటలో రాజు సమాధి ఉన్న ఆవరణలోనే గంటందొర సమాధి ఉంది. రాజు 1924 మే 7న, గంటందొర ఆ తరువాత కొన్ని వారాలకు చనిపోయారు. వచ్చినవాళ్ళు మొదటి సమాధి దగ్గర ఫోటో దిగి బస్సు ఎక్కేస్తారు. రాజు వర్ధంతి మే 7 వేసవి సెలవుల్లో పడుతుంది, బడి పిల్లలు ఉండరు. ఆగస్టు 22కి బళ్ళు నడుస్తుంటాయి. చింతపల్లి స్టేషన్ మీద పడిన ఆ రోజున పిల్లల చేత రెండో సమాధి దగ్గర నిలబెట్టి గంటందొర, మల్లుదొర, ఎర్రేసు, ఎండు పడాలు అని ఒక్కొక్క పేరూ గట్టిగా చదివించండి. ఎవరైనా బొట్టు పెడతామంటే పెట్టనివ్వండి, పేర్లు చదవడం అయ్యాక.